సారె ఖాజా మీద సూర్యకాంతం తీర్పు

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారికి ఎడమపక్క ఒక వీధి ఉంది. ఆ వీధిలోకి కొత్తకోడలు అడుగుపెట్టిందంటే ఆ పిల్ల గురించి తర్వాత, ముందు ఆమె సారె గురించి మాట్లాడుకుంటారు. పిల్ల చదువెంత, రంగేమిటి, నోరెలాంటిది అన్న సంగతులు తీరుబడి మీద తేలతాయి. లడ్డూ ఎంత లావుంది, ఖాజాకి ఎన్ని మడతలున్నాయి, జంతికల్లో వాము పడిందా లేదా అన్నవి మాత్రం ఆ పూటే తేలిపోవాలి. పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళు పంపిన మిఠాయిలు ఇంటింటికీ పంచితేనే అక్కడ పెళ్ళి జరిగినట్టు. పంచే ముందు చాపలు పరిచి, వీధి ఆడవాళ్ళను పిలిచి, సారె చూపించాలి. చూశాక అందరి తరఫునా ఒకరు రుచి చూసి ఒక మాట చెప్పాలి. పదిహేనేళ్ళుగా ఆ ఒకరు సూర్యకాంతమే.

ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి తీసేయడం కూడా ఎవరి చేతిలోనూ లేదు. రథసప్తమి నాడు పుట్టిందని తండ్రి ఆ పేరు పెట్టాడు. దేవుడు మాత్రం నాలుక ప్రత్యేకంగా చేసి పెట్టాడు. సున్నుండ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేది. మినప్పప్పు ఏ మంట మీద వేగిందో, నెయ్యి ఇంట్లో కాచిందో కొట్లో కొన్నదో, బెల్లం కొత్తదో నిరుటిదో కళ్ళు తెరిచేలోగా ఆమెకు తెలిసిపోయేది. తెలిసింది తెలిసినట్టు అనేసేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అయినా అన్నమాట ఎన్నడూ తప్పు కాలేదు. మూడో ఇంటి కుమారి కాపురానికొచ్చిన రోజున ఆమె సారె చూసి, పప్పు మాడిందని ఒక్క ముక్క అంది సూర్యకాంతం. పన్నెండేళ్ళయింది. ఈనాటికీ కుమారి చేతిలో కూర కాస్త అడుగంటితే చాలు, పుట్టింటి వాసన పోలేదంటుంది అత్తగారు.

ఇంత ఖచ్చితమైన నాలుక ఉన్న తల్లికి ఒక్కడే కొడుకు, ప్రమోద్. వాడి మీద కూడా ఆమె తీర్పు చెప్పేది. సారెలు ఏడాదికి నాలుగైదు వస్తాయి గానీ కొడుకు రోజూ కళ్ళెదురుగానే ఉంటాడు కదా.

వాడికున్న జబ్బల్లా ఒక్కటే, నలుగురు కనిపిస్తే నోరు పెగలదు. ఏడేళ్ళప్పుడు మేనమామలొస్తే ఇంగ్లీషు పద్యం ఒకటి చెప్పమని ముందుకు తోసింది. వాడు వెళ్ళి ఫ్రిజ్జు వెనకాల దూరాడు. మేనమామలు కాఫీ తాగి, బస్సు టైమైందని వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు. పన్నెండేళ్ళప్పుడు బడి వార్షికోత్సవంలో మైకు పట్టుకుని ‘అందరికీ నమస్కారం’ అని, ఆ నమస్కారం దగ్గరే ఆగిపోయి, మైకు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయాడు. సూర్యకాంతం ఊరుకునే మనిషి కాదు. స్పోకెన్ ఇంగ్లీషులో చేర్చింది, కరాటేలో చేర్చింది, వ్యక్తిత్వ వికాస శిబిరమంటే విశాఖపట్నం పంపింది. పది రోజుల తర్వాత శిబిరం మాస్టారు ఫోన్ చేసి, మీ అబ్బాయి చాలా శ్రద్ధగా వింటాడండీ, అన్నాడు. శిబిరంలో తన కొడుకునొక్కణ్ణే మెచ్చుకున్నారని ఆమె ఆ సాయంత్రమే వీధికి చెప్పింది.

చుట్టాలొస్తే వాడు పారిపోయేది వంటింట్లోకి. అక్కడ వాడు వేరే మనిషి. పదమూడేళ్ళప్పుడొకసారి అరిసెల పాకం పెట్టి ఆమె ఫోన్ మాట్లాడుతుంటే, వాడే చల్లటి నీళ్ళలో చుక్క వేసి చూసి, ఉండకట్టగానే పొయ్యి కట్టేశాడు. ఇంకో నిమిషం ఆగితే అరిసెలు రాళ్ళయ్యేవి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే, మగపిల్లాడికి పొయ్యి దగ్గరేం పని, పోయి లెక్కలు చేసుకో అని తరిమింది. తన నాలుక కొడుక్కి వచ్చింది, మాట రాలేదు. ఏ తల్లయినా వచ్చినదాన్ని చూసి మురుస్తుంది. సూర్యకాంతానికి రానిదొక్కటే కనబడింది.

ఇంజనీరింగు మూడో ఏటికి పదకొండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఒక మధ్యాహ్నం ప్రమోద్ నేరుగా తండ్రి సీతారామారావు నడిపే స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి నిలబడ్డాడు. అరగంట నిలబడి, మిఠాయి పని నేర్చుకుంటానన్నాడు. సీతారామారావు చేతిలో ఉన్న గ్లాసును రెండు వైపులా తిప్పి చూసి, మీ అమ్మకి చెప్పావా అని అడిగాడు. లేదన్నాడు వాడు. మరి చెప్పాల్సింది ఆవిడకి కదా అంటే, మీరు చెప్తారని, అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో సీతారామారావు భార్యకు తనంతట తాను చెప్పిన పెద్ద సంగతి అదొక్కటే. ఆమె రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు మానలేకపోయింది. ఆ రోజు పక్కవీధిలో ఎవరిదో సారె రుచి చూడాల్సి వచ్చింది.

ప్రమోద్ కోటబొమ్మాళి వెళ్ళి, రైల్వేస్టేషన్ వెనకాల అప్పలసూరి బట్టీలో చేరాడు. అప్పలసూరి పేరున్న మిఠాయి మేస్త్రీ. అటు ఇచ్ఛాపురం నుంచి ఇటు చీపురుపల్లి దాకా పేరుగల సారెలన్నీ ఆ బట్టీలోనే తయారవుతాయి.

వీధికి మాత్రం సూర్యకాంతం చెప్పింది వేరు. మా వాడు ఫుడ్ ప్రాసెసింగ్ కంపెనీలో, ప్రొడక్షన్‌లో ఉన్నాడంది. ఏం చేస్తాడంటే, టెంపరేచర్ అంతా వాడే చూసుకోవాలంది. పెళ్ళిళ్ళ రోజుల్లో సెలవు దొరకదని నోరుజారి, సరిగ్గా అప్పుడే వాళ్ళకు టార్గెట్లుంటాయని సర్దుకుంది. వాడు ఇంటికొచ్చిన రోజున వాకిట్లోంచే స్నానాలగదిలోకి తోలేది, ఒంటి మీద నెయ్యి వాసన గోడ దాటకుండా. వాడు తెచ్చిన పొట్లం వీధిలో ఎవరికీ పెట్టేది కాదు. తనూ ముట్టేది కాదు. తింటే ఒప్పుకున్నట్టవుతుందని పట్టుదల. ఆ పొట్లాలన్నీ సీతారామారావు కొట్టుకి పట్టుకెళ్ళి, షట్టరు సగం దించుకుని తినేవాడు. అందుచేత ఊరందరి చేతి పాకమూ ఎరిగిన నాలుకకి కన్నకొడుకు చేతి పాకం మాత్రం తెలియకుండా పోయింది.

ఈ ఏడు మాఘమాసంలో ప్రమోద్ తండ్రికి ఫోన్ చేశాడు. అప్పలసూరికి చూపు మందగించిందట. పాకం పొయ్యి వాడికి అప్పగిద్దామనుకుంటున్నాడట. పాకం పొయ్యి అంటే బట్టీకి గుండెకాయ. ఎవరి చేతిలో ఆ పొయ్యి ఉంటే వాడే మేస్త్రీ. ఒక పెద్ద సారె వచ్చింది, అది మొత్తం ప్రమోద్ ఒక్కడే చేయాలి, ఆ సారెకు మంచి పేరొస్తే పొయ్యి వాడిదే. ఇరవైమూడేళ్ళ బతుకులో వాడు కావాలని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. సీతారామారావు ఈ మాట భార్యకు చెప్తే, టీవీ సౌండు పెంచండి అంది.

ఆ వారమే ఎదురింటి లక్ష్మీనరసమ్మ కొడుకు ఈశ్వర్‌కి పెళ్ళయింది. బ్యాంకు ఉద్యోగం, బిందు అని చదువుకున్న పిల్ల, వియ్యంకుడు నారాయణమూర్తి కోటబొమ్మాళిలో రైసుమిల్లు యజమాని. లక్ష్మీనరసమ్మకు ఇన్ని శుభాలు ఒక్కసారే రావడం సూర్యకాంతం ఆరోగ్యానికి మంచిది కాదు. దానికి తోడు సారె వచ్చే ముందు రోజు సాయంత్రం లక్ష్మీనరసమ్మ గుమ్మంలో నిలబడి, మీ ప్రమోద్‌కి కూడా సంబంధాలు చూస్తున్నారేమిటి వదినా, కంపెనీవాళ్ళు సెలవిస్తారో లేదో, అని చాలా మెత్తగా నవ్వింది. సూర్యకాంతం కూడా నవ్వింది. ఆ రాత్రి సీతారామారావుకు పెరుగు పడలేదు.

మర్నాడు పది గంటలకు వ్యాను వచ్చింది. డబ్బాలు దిగాయి. రంగుకాగితాలు చుట్టిన పళ్ళాల్లో, చేటంత ఖాజా ఒకటి అందరికీ కనబడేలా పెట్టారు. చాపల మీద ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. కొత్తకోడలు బిందు లోపలి గది తలుపు వెనక నిలబడి వింటోంది. ఆ పిల్ల అత్తింటి కాపురంలో మొదటి పదేళ్ళ మర్యాద ఆ డబ్బాల్లోనే ఉందని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

సూర్యకాంతం లడ్డూ తింది, తల ఊపింది. జంతిక విరిచింది, ఫరవాలేదంది. తర్వాత మామూలు సైజు ఖాజా ఒకటి తీసుకుని కొరికింది.

మడతలు పెళుసుగా విరిగాయి. లోపలి రసం ఎంత రావాలో అంతే వచ్చింది, చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. తీపి గొంతులో గుచ్చుకోలేదు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరవబుద్ధి కాలేదు. జీవితంలో అంత సరైన ఖాజా తినలేదు. ఇంకొకటి తీసుకుంటే ఏమనుకుంటారో అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా లక్ష్మీనరసమ్మ. నిన్నటి నవ్వే నవ్వుతూ అడిగింది.

“ఏటొదినా, ఎలగున్నాయి?”

పదిహేనేళ్ళలో మొదటిసారి సూర్యకాంతం నాలుక ఒకటి చెప్తే నోరు ఇంకొకటి చెప్పింది.

“లడ్డూ పరవానేదు. ఖాజాకే పాకం ముదిరిపోనాది. పట్టినోడెవడో పని రానోడు.”

లోపల తలుపు వెనక గాజులు ఒక్కసారి చప్పుడై ఆగిపోయాయి. సూర్యకాంతం మంచినీళ్ళు తాగి, చెంగు దులుపుకుని ఇంటికి వచ్చేసింది. మెట్లెక్కుతుంటే ఒంట్లో కాస్త తేలికగా ఉన్న మాట నిజమే.

వీధి తన పని తాను చేసింది. మధ్యాహ్నానికి పాకం ముదిరిన ఖాజా, మూడింటికి కొరుకుడు పడని ఖాజా అయింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు కుమారి అత్తగారి పన్ను ఒకటి కదిలిందట. ఆ పన్ను ఆరు నెలలుగా కదులుతూనే ఉందన్న సంగతి కుమారికి తెలుసు, కానీ కుమారి ఎందుకు చెప్తుంది? లక్ష్మీనరసమ్మ సంకటం ఇంకొకటి. వీధిలో సారెకు మంచి పేరు రావాలి, ఇంట్లో కోడలి మీద ఒక మాట చేతిలో ఉండాలి. మొదటిది ఎలాగూ పోయింది కాబట్టి రెండోదాన్ని గట్టిగా పట్టుకుంది. మీ నాన్నగారు పని రానివాడెవడికో సారె అప్పజెప్పారట తల్లీ, అని కోడలితో జాలిగా అంది. బిందు ఏడ్చే రకం కాదు. తండ్రికి ఫోన్ చేసింది. నారాయణమూర్తి పంచె ఎగ్గట్టుకుని నేరుగా బట్టీకి వెళ్ళి, తన పరువు ఏ పొయ్యిలో వేశారో చూపించమన్నాడు.

అప్పలసూరి బట్టీలో మొదటినుంచీ ఒక కట్టుబాటు ఉంది. సారెకు వంక వస్తే చేసినవాడే ఆ ఇంటికి వెళ్ళి, రుచి చూసి, తప్పో ఒప్పో నలుగురి ముందూ చెప్పి రావాలి. ముసలాయన ప్రమోద్‌ని పిలిచి ఒక డబ్బా చేతికిచ్చాడు.

“ఎల్లు. తప్పయితే ఒప్పుకో, ఈటిని పంచీసి రా. కాకపోతే కాదని సెప్పు. రెండూ సెప్పనేనోడికి పొయ్యెందుకురా?”

ఖాజాలు చెయ్యమంటే వెయ్యి చేస్తాడు. నలుగురి ముందు ఒక్క మాట చెప్పమనేసరికి ప్రమోద్‌కి కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో చెమటలు పోస్తూనే ఉన్నాయి.

మర్నాడు పదకొండింటికి సూర్యకాంతం అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే, కొడుకు డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరగడం కనిపించింది. చెప్పకుండా వచ్చాడేమిటనుకుంది. ఎవరైనా చూసేలోగా లోపలికి లాగుదామని లేచింది. వాడు ఇంటి దాకా వచ్చి, ఆమెను చూసి, పని మీద వచ్చానమ్మా అని, ఎదురింటి గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చిక్కుడుకాయ చేతిలో ఉండగానే సూర్యకాంతానికి సంగతి అర్థం కావడం మొదలైంది. ఎదురింటి సారె కోటబొమ్మాళిది. పెద్ద సారె ఒకటి వాడొక్కడే చేస్తున్నాడని మొగుడు చెప్పాడు. టీవీ సౌండు పెంచమన్నది తనే. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది.

అప్పటికే అక్కడ అరడజను మంది పోగయ్యారు. గోడకు ఆనుకుని నిలబడ్డ కుమారి, ఖాజాలు చేసింది నువ్వేనా ప్రమోదూ అని అడిగింది. ఆ అడగడంలో ఆశ్చర్యం లేదు. లక్ష్మీనరసమ్మ కుర్చీ వేస్తూ, కంపెనీవాళ్ళు పంపారా బాబూ అంది. ఎవరో కిసుక్కుమన్నారు. సూర్యకాంతం ఒక్కొక్కరి మొహమే చూసింది. వీళ్ళందరికీ తెలుసు. నిన్నా మొన్నా కాదు, రెండేళ్ళుగా తెలుసు. తెలిసే ఆమెను కూర్చోబెట్టి ప్రొడక్షన్ గురించి, టెంపరేచర్ గురించి అడిగి చెప్పించుకున్నారు. పైగా మధ్యమధ్యలో, అబ్బో అని ముక్కు మీద వేలు కూడా వేసుకున్నారు. భూమి బద్దలైతే బాగుండనిపించింది. కానీ అంతకంటే పెద్ద బాధ ఎదురుగా నిలబడి ఉంది.

ప్రమోద్ కూర్చోలేదు. నిన్నటి ఖాజాలు మిగిలాయా అని అడిగి, ఒకటి తెప్పించుకున్నాడు. రెండుగా విరిచి వెలుతురు వైపు పట్టుకుని మడతల్లోకి చూశాడు. చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగాడు. ఇక చెప్పాలి.

చెప్పలేదు. తల వంచుకుని నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వాడి చేతివేళ్ళు డబ్బా అంచును పట్టుకుని వదులుతున్నాయి. సూర్యకాంతానికి ఆ వాలకం చిన్నప్పటినుంచీ తెలుసు, ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఇప్పుడు వాడు తప్పు నాదేనని గొణిగి డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోతాడు. అలా వెళ్ళిపోతే ఆమె మాట నిలబడుతుంది, వాడి పొయ్యి పోతుంది. వాడు నోరు తెరిస్తే ఆమె పదిహేనేళ్ళ పేరు ఈ నలుగురి ముందే మంటగలుస్తుంది. మాట్లాడు నాన్నా, మాట్లాడు, అని లోపల్లోపల దండం పెట్టుకుంటున్నట్టు ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

“పాకం ముదరనేదండి.”

గొంతు చిన్నదే. అయినా గోడ దగ్గరున్న కుమారి దాకా వినబడింది. వాడు చేతిలో మిగిలిన ముక్కను అందరికీ కనబడేలా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

“ముదిరితే పైన పంచదార తెల్లగా పేరుకుంతాది. సూడండి, ఎక్కడా నేదు. ఒక రోజు గడిసినా లోపల రసం ఉన్నాది. పాకం నేనే పట్టేను. సరిగ్గానే పట్టేను. ఎవులు సెప్పేరో గానీ తప్పు సెప్పేరు.”

అందరూ ఒక్కసారి సూర్యకాంతం వైపు తిరిగారు. వాళ్ళు ఎటు తిరిగారో చూసి ప్రమోద్ కూడా అటే తిరిగాడు. కాసేపు వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రంగు మారింది.

“అమ్మా, నువ్వా?”

బిందు తలుపు వెనకనుంచి బయటికే వచ్చి నిలబడింది. సూర్యకాంతానికి తప్పించుకునే దారులు రెండు మూడు కనిపించాయి. జ్వరం వచ్చి నాలుక చేదుగా ఉందనొచ్చు. తనకు వచ్చిన ఖాజా ఒక్కటే అలా ఉందనొచ్చు. ఇంకొకప్పుడైతే అనేసేదే.

“నేనే,” అంది. “ముదరనేదని తెలిసే సెప్పేను.”

“ఎందుకు?”

“నీ సేతివని తెలీక.”

వాడు తల్లి వైపు ఒక అడుగు వేశాడు. కోపంగా లేడు. పాకం తీగ వేళ్ళ మధ్య సాగదీసి చూసేటప్పుడు ఎంత నిదానంగా ఉంటాడో అంత నిదానంగా అన్నాడు.

“నావని తెలిస్తే ఇంకా ఎక్కువ వంకలెట్టీదానివమ్మా.”

వాడు అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. అదే సూర్యకాంతాన్ని కోసేసింది. ఇరవైమూడేళ్ళుగా పెట్టిన వంకలన్నీ వాడు ఎక్కడికీ పోనివ్వకుండా లోపల దాచుకున్నాడు, ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా. లక్ష్మీనరసమ్మ నవ్వు ఆపేసి, లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. తెచ్చి సూర్యకాంతానికి కాదు, ముందు కోడలికి ఇచ్చింది. తర్వాత ఇచ్చుకోవాల్సిన సంజాయిషీకి అది మొదలు.

ప్రమోద్ ఒక పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. ముదరలేదని చెప్పాను మావా, అన్నాడు. అవతల అప్పలసూరి గట్టిగా మాట్లాడే మనిషి కావడంతో జవాబు అందరికీ వినబడింది. ఏటి, నువ్వే సెప్పేవా, నీ నోటితో, అని రెండుసార్లు అడిగాడు. అయితే సోమారం తెల్లారి పొయ్యి నువ్వే ముట్టించు అని పెట్టేశాడు. వాడు ఫోన్ జేబులో పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి పెట్టుకోగలిగాడు.

అప్పుడు సూర్యకాంతం కదిలింది. లక్ష్మీనరసమ్మను అడిగి ఒక పళ్ళెం తీసుకుని దాన్నిండా నిన్నటి సారె ఖాజాలే పెట్టుకుంది. అన్న మాట ఇంటింటికీ పోయింది, వెనక్కి తీసుకోవడానికి కూడా ఇంటింటికీ తనే వెళ్ళాలంది. ఎండలో వద్దు, మనుషుల్ని ఇక్కడికే పిలుద్దామని లక్ష్మీనరసమ్మ అన్నా వినలేదు. ప్రమోద్ డబ్బా పట్టుకుని వెనకాల నడిచాడు.

మొదటి ఇంట్లో ఆమె గుమ్మం బయటే నిలబడి, నిన్న తాను అబద్ధమాడానని, పాకం ముదరలేదని చెప్పింది. చెప్తున్నంతసేపూ చూపు పళ్ళెం మీదే ఉంది. ఆ ఇల్లాలు కంగారుపడి కుర్చీ వేసింది. రెండో ఇంట్లో అదే చెప్పి, చేసింది మా ప్రమోదేనని కలిపింది. ఈసారి తలెత్తి చెప్పింది. మూడో ఇంట్లో కుమారి అత్తగారి పన్ను గురించి విచారించి, ఆ పంటితోనే ఒక ఖాజా తినిపించి, మూడు జిల్లాల్లో ఇలాంటి పాకం పట్టేవాడు లేడంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఖాజాలు భువనేశ్వర్ దాకా వెళ్తున్నాయి. వాడు రేపో మాపో సొంతంగా బట్టీ పెట్టబోతున్నాడు, కింద ఇరవై మంది పనివాళ్ళు, ఆ పైన దేశాంతరం పంపే ఆలోచన కూడా ఉంది. ఇవన్నీ వాడికి అప్పుడే తెలిశాయి. ఆ ఇంటి పెద్దాయన ప్రమోద్ వైపు తిరిగి ఎగుమతి లైసెన్సు గురించి అడిగాడు. వాడు డబ్బా మూత వైపు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

ఐదో ఇంటి గేటు మీద ఆమె చెయ్యి వేసింది.

“అమ్మా,” అన్నాడు ప్రమోద్.

“ఏటి?”

“బాగున్నాయని సెప్పి ఊరుకో.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వాడు బతిమాలడం లేదు, అలగడం లేదు. ఇంత పొడుగు కొడుకు ఎండలో నిలబడి తల్లిని ఒక్క మాట అడుగుతున్నాడు. అంతకంటే ఎక్కువ వద్దంటున్నాడు, తక్కువా వద్దంటున్నాడు.

తలుపు తెరుచుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆవిడ, ఏటి పిన్నీ ఇంత ఎండలో అంది. సూర్యకాంతం పళ్ళెం చాచింది.

“మా ప్రమోద్ సేసేడు. బాగున్నాయి.”

తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పెదాలు బిగబట్టింది. ఆవిడ ఖాజా కొరికి, నమిలి, మింగి, ఇంకొకటి తీసుకునేదాకా అలాగే నిలబడింది.